గప్పుడెందుకు చెప్పలే?

ఆయన ఫోటో కింద 'శాంతమూర్తి' అని రాయించారు.

గద్వాలలో సంతాపసభకు కట్టిన ఫ్లెక్సీ అది. ఎర్రటి అక్షరాలు, ఆయన ఎన్నడూ వేసుకోని తెల్లచొక్కా, పక్కన రెండు తాబేళ్ల బొమ్మలు. ఆ బొమ్మలు కూడా తెడ్ల లాంటి కాళ్లున్న సముద్రపు తాబేళ్లవి. మా మూడు జిల్లాల్లో ఏ చెరువు గాలించినా అలాంటిది కనబడదు. ఆయన బతికుండి దాన్ని చూసుంటే కట్టినవాణ్ని నడిబజార్లో నిలబెట్టి, "ఇది నీకు కృష్ణల దొరికిందా, మీ అత్తగారింట్ల దొరికిందా?" అని అడిగి, వాడు ఏడ్చేదాకా వదిలేవాడు కాదు. శాంతమూర్తట!

"నువ్వు కూడా రెండు మంచి మాటలు చెప్పక్కా" అని మైకు నా చేతికివ్వబోయారు. నా దగ్గర లేవని చెప్పి వచ్చేశాను. అందరికీ కోపమొచ్చింది. రానీ. ఆయన తన చేత్తో రాసిన ఒక కాగితం వల్ల మా మేనమామ ఏసోబు నాలుగేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ కాగితం తప్పని చెప్తే కోర్టు నమ్మేది ఆయన నోటితో చెప్తేనే. చెప్తానన్నాడు. చెప్పకుండానే చచ్చిపోయాడు. ఇలాంటి మనిషి గురించి మంచి మాటలు నేనెక్కడి నుంచి తేవాలి?

ఆయనకు పంపు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉండేది. ముందు గదిలో కాలిపోయిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. వెనక గదిలో వరసగా నీలం ప్లాస్టిక్ టబ్బులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కున ఎక్కడ దెబ్బ తగిలిన తాబేలు దొరికినా ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు, తాబేళ్లను కాపాడే మా గుంపులో ఒకరు పోయి తెచ్చేవారు, అది ఆ టబ్బుల్లో ఏదో ఒకదాంట్లోకి చేరేది. పొలం దమ్ము చేసే ట్రాక్టర్ ఇనుప చక్రాల కింద డిప్ప పగిలినవే ఎక్కువ. రాజోలి దిక్కు నుంచి గాలం మింగినవి వచ్చేవి. నేను మెడికల్ షాపులో పనిచేస్తాను కాబట్టి పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం సూదులు వేయడం నా వంతు. డిప్పలు అతికించడం ఆయన వంతు. మోటారు తీగల మీద చుట్టే గుడ్డ టేపునే సన్నగా కోసి, జిగురు పూసి, పగులు మీద పరిచి, ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చునేవాడు. ఊదుతున్నంతసేపే ఆయన నోరు మంచిది.

తాబేలు రాగానే ముందు దాని వెనక కాలి మీద బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కేవాడు. కాలు లోపలికి లాక్కుంటే "లాగింది. బతుకుతది" అనేవాడు. లాక్కోకపోతే లేచి పోయి మోటారు పని చేసుకునేవాడు. ఆ బొటనవేలు మీద వార్నిష్ మరక ఎప్పుడూ ఉండేది. ఆ వేలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, కానీ అది తప్పు చెప్పగా నేను చూడలేదు.

తాబేళ్లను ఆయన 'మీరు' అనేవాడు. "జర ఓపిక పట్టుండ్రి, అయిపాయె, అయిపాయె" అని తాబేలును బుజ్జగించి, అదే ఊపిరితో నా దిక్కు తిరిగి, "ఏయ్, సూది గట్లనేనా పట్టేది? గడ్డి కోస్తున్నవా?" అనేవాడు. చదువుకున్నవాళ్లనీ లేదు, ఆడపిల్లలనీ లేదు. ఎవరైనా సెల్ఫీ కోసం ఫోన్ తీస్తే, "ఫోటో దిగనీకి వచ్చినవా, నీళ్లు మార్చనీకి వచ్చినవా?" అని టబ్బు చేతిలో పెట్టేవాడు. మాకు ఎన్నడూ చాయ్ తాగుతారా అని అడగలేదు. ఫ్లాస్కు మూతలో తనొక్కడికి పోసుకుని, మేం నిలబడి చూస్తుండగా తాగి, మూత కడిగి బిగించేవాడు.

రైతులతో ఇంకా దారుణం. మోటారు తెచ్చిన మనిషిని "ఏం కాలింది?" అని అడిగే ముందు "మీ బాయిల తాంబేలున్నదా?" అని అడిగేవాడు. మంచిదని చెప్పి బావిలో తాబేలును వేసుకోవడం, పారిపోకుండా డిప్పకు బెజ్జం చేసి తాడు కట్టడం మా దిక్కు కొందరికి అలవాటు. రాజోలి నుంచి వచ్చిన ఒక రైతు దాచిపెట్టకుండా ఉన్నదని చెప్పాడు. మోటారు బాగు చేయడం అయినా ఇవ్వకుండా పక్కన పెట్టి, "ముందు దాన్ని తెచ్చియ్యి" అన్నాడీయన.

"సార్, మిరప ఎండుతున్నది సార్. మోటారు ఇయ్యి, రేపు తెస్త."

"ఎండనియ్యి."

ఆ రైతు పోయి తాబేలును తెచ్చాడు, మోటారు తీసుకున్నాడు, మళ్లీ ఆ షాపు మెట్లు ఎక్కలేదు. చేసింది న్యాయమేనా అని నేనడిగితే, "మిరప మల్ల ఏస్తరు" అన్నాడు. ఎవరు వేస్తారు, ఎట్లా వేస్తారు అని ఆయనకు తోచదు. ఆయనకు పొలం ఉంది, షాపు ఉంది, కూలికి పోయిన తరం ఇంట్లో ఒక్కటీ లేదు.

కొత్తగా చేరేవాళ్లను మొదటిరోజే ఒక ప్రశ్న అడిగేవాడు. నన్నూ అడిగాడు.

"తాంబేలు తిన్నవా ఎప్పుడన్న?"

చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. అందరూ పట్నం పిల్లలు, ఉన్నవాళ్ల పిల్లలు. ఆ ప్రశ్నకు నవ్వి "ఛీ" అని జవాబిచ్చి లోపలికి వచ్చినవాళ్లు.

"లేదు" అన్నాను.

తిన్నాను. ప్రతి ఎండాకాలం తిన్నాను. మాది పాన్‌గల్ దగ్గర పల్లె. అమ్మా నాన్నా పుణెకు మట్టిపనికి పోతే మామ ఇంట్లో పెరిగాను. చెరువు ఎండిపోతే తాబేళ్లు బురద లోపలికి దిగి, వాన పడేదాకా కదలకుండా పడుకుంటాయి. మామ ఇనుప చువ్వ పట్టుకుని పగుళ్లిచ్చిన చెరువులో నడుస్తూ, అడుగడుక్కీ గుచ్చి చెవి వంచి వినేవాడు. రాయికి తగిలితే ఒక చప్పుడు, డిప్పకు తగిలితే ఒక చప్పుడు. తగిలిన చోట చేత్తో తవ్వితే మన్ను పూసుకుని తాబేలు బయటికొచ్చేది. పనుల్లేని రోజుల్లో అదే మాకు కూర. ఉల్లిగడ్డ, కారం, ధనియాలు వేసి అత్త వండితే మూడిళ్ల అవతలికి వాసన పోయేది. దాని కాళ్ల దగ్గరి కండ కోసం నేనూ మామ కొడుకూ కొట్లాడుకునేవాళ్లం. తాబేలు కాలు లోపలికి లాక్కోవడం మొదటిసారి చూసింది ఈయన టబ్బుల దగ్గర కాదు, మా ఇంటి గడప దగ్గర. బహుశా అందుకే ఈ పనిలోకి వచ్చానేమో. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నాలుగేళ్ల కింద, ఎండాకాలం. మా ఊరి చెరువులో పూడిక తీయడానికి జేసీబీలు దిగాయి. లోపల పడుకున్న తాబేళ్లను ముందే తీయాలని ఆయనతో పాటు మా వాళ్లంతా పొద్దున్నే వచ్చారు. ఫారెస్టు వాళ్లు కూడా ఒక జీపులో వచ్చారు, అనుమతి లేకుండా వాటిని పట్టడం నేరం కాబట్టి. ముందురోజే నేను మామకు ఫోన్ చేశాను. "మామా, నువ్వు ఈ మాపే పోయి ఎన్ని దొరికితే అన్ని తియ్యి. పానంతోని ఉండాలె. రేపు మావోళ్లు వస్తరు, వాళ్లకియ్యి." "గట్లనే బిడ్డా" అన్నాడు. ఎట్లా తేవాలో నేను చెప్పలేదు. మామ అడగలేదు. తాబేళ్లు పట్టడం ఆయనకు నేను నేర్పేదేముంది?

పారలతో మధ్యాహ్నం దాకా తవ్వితే మావాళ్లకు రెండంటే రెండు దొరికాయి. అప్పుడు మామ కట్ట మీదికి వచ్చాడు. భుజం మీద తడి గోనెసంచి, ముఖం నిండా నవ్వు. సంచి విప్పి నేల మీద పరిచాడు. పదకొండు తాబేళ్లు. అన్నీ బతికే ఉన్నాయి. ప్రతి ఒక్కదానికీ వెనక అంచు మీద చిన్న బెజ్జం, బెజ్జాల్లోంచి పోయిన ఒకటే నైలాన్ తాడు. దండ గుచ్చినట్టు గుచ్చి తెచ్చాడు.

పారిపోకుండా, ప్రాణంతో తేవాలంటే మామకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వాళ్ల నాయన నేర్పింది అదే. అడ్డం వచ్చే ఎముక తగలకుండా, రక్తం రాకుండా బెజ్జం చేయడం పెద్ద పనితనమని ఆయన నమ్మకం. పిలిచి పని చెప్పినందుకు తన పనితనమంతా చూపించాడు.

ఈయన ఆ బెజ్జాలు చూశాడు. ముఖం నల్లబడింది.

"ఎవరు పట్టమన్నరు నిన్ను?"

మామ నవ్వు ఆగిపోయింది. నా దిక్కు చూశాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్కమాట చాలు. 'నేనే సార్, మా మామ' అంటే చాలు. అప్పుడు ఎనిమిదిమందీ నా దిక్కు తిరుగుతారు. ఈ పనితనం ఈమె ఇంట్లోదేనా, ఈమె తిన్నదా అని చూస్తారు. నేను నా చేతిలో ఉన్న టబ్బు దిక్కు చూశాను.

మామ నా ముఖం చదివాడు. "ఎవ్వరు చెప్పలే సార్. నేనే పట్టిన" అన్నాడు.

ఈయన బండి సీటు మీద కాగితం పెట్టి అక్కడికక్కడే ఫిర్యాదు రాశాడు. దొరికిన చోటు, లెక్క, బెజ్జాలు, తాడు రంగు. మోటారు తీగ చుట్టినంత శ్రద్ధగా రాశాడు. ఫారెస్టు వాళ్లు మామను జీపు ఎక్కించారు. జీపు కట్ట దిగి మలుపు తిరిగాక నాకు నోరొచ్చింది. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన చేతిలో పెన్ను ఇంకా ఉంది.

"గప్పుడెందుకు చెప్పలే?" అన్నాడు.

"ఇప్పుడు చెప్తున్న గద సార్! ఫోన్ చేసి ఆపుండ్రి!"

"పంచనామా అయింది. బెజ్జం బెజ్జమే." పెన్ను జేబులో పెట్టుకుని తాబేళ్ల దగ్గర కూర్చుని, తాడు కోసి, ఒక్కొక్కదాని కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. అది కూడా 'మీరు' అంటూనే.

మామ మూడో వారం బెయిలు మీద వచ్చాడు. ఆ తరువాత ప్రతి పేషీకి కోర్టులో కనబడాలి. మధ్యమధ్యలో పేషీలున్న మనిషిని ఏ గుంపు మేస్త్రీ పుణె తీసుకుపోతాడు? ఊరిలో దొరికిన కూలికే పోతూ బతికాడు. ఊళ్లో పిల్లలు ఆయన్ని 'తాంబేలు కేసు' అని పిలవడం మొదలుపెట్టారు.

నేను ఆ షాపుకు పోవడం మానలేదు. మానితే ఆయన ముఖం మీద ఎవరు అడగాలి? పోయినప్పుడల్లా అడిగాను. అడిగినప్పుడల్లా ఆయన ఒక్కటే మాట తిప్పి నా మీదే వేసేవాడు. సూది వేస్తూ ఉంటే, నీళ్లు పారబోస్తూ ఉంటే, నేను ఏమీ అనకపోయినా, పక్క గదిలోంచి వినబడేది: "గప్పుడెందుకు చెప్పలే?" అది ప్రశ్న కాదు, గుచ్చడం. నిజం చెప్తున్నాను, ఆ మనిషిని నేను అసహ్యించుకున్నంతగా ఎవరినీ అసహ్యించుకోలేదు. ఆయన అడిగింది అన్యాయమైన ప్రశ్న అయివుంటే ఏనాడో మరిచిపోయేదాన్ని.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి మామ ఇంట్లో అన్నం తింటున్నాం. బయట బండి ఆగింది. ఆయనే. లోపలికి రాలేదు, నమస్తే లేదు.

"ఏసోబు, చువ్వ ఉన్నదా?"

"ఉన్నది సార్."

"అమరచింత దిక్కు ఒక చెర్వుల ఎల్లుండి జేసీబీలు దిగుతయి. మావోళ్లకు దొర్కుతలేవు. రేపు పొద్దుగాల రా."

నేను చెయ్యి కడగకుండానే బయటికి పోయాను. "ఏ మొఖం పెట్టుకుని వచ్చిన్రు సార్? ముందు మీరు రాసిన కాయితం వాపస్ తీస్కోండ్రి!"

"అది నేను వాపస్ తీసుకునేది కాదు. కేసు సర్కారుది." తలుపు దగ్గరికి వచ్చిన మామను చూస్తూ చెప్పాడు, నన్ను కాదు. "సాక్ష్యానికి నన్నే పిలుస్తరు. కోర్టుల నిలబడి చెప్త. బతికించనీకే తెచ్చిండు, నేనే తొందరపడ్డ అని చెప్త."

ఇన్నేళ్లలో ఆయన నోట 'తొందరపడ్డ' అన్న మాట వినడం అదే. నాకు నమ్మబుద్ధి కాలేదు. "గదే మాట కాయితం మీద రాసియ్యుండ్రి" అన్నాను.

ఆయన అప్పుడు నా దిక్కు చూశాడు. "నోటితోని చెప్పాల్సిననాడు నువ్వు చెప్పలే. నన్ను కాయితం అడుగుతున్నవా? నా మాట చాలదా?"

మామ అప్పటికే చువ్వ తీసుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. "పోకు మామా" అన్నాను. "ఊకో బిడ్డా. జేసీబీకేం తెల్సు, నడుమకు కోస్తది వాటిని" అన్నాడు.

మర్నాడు నేనూ పోయాను, కాపలాకు పోయినట్టు. మామ ముందు నడుస్తూ చువ్వ గుచ్చుతాడు, చెవి వంచుతాడు, మళ్లీ అడుగు వేస్తాడు. ఈయన తడి సంచి పట్టుకుని వెనక నడిచాడు. ఎవరి వెనకా నడవని మనిషి. కొంతసేపటికి "ఇది రాయా?" అని అడిగాడు. "రాయే సార్." "ఇది?" "ఇది తాంబేలు. రాయి గిట్ల మాట్లాడదు." చువ్వ ఈయన చేతికిచ్చి గుచ్చి చూడమన్నాడు మామ. గుచ్చాడు, విన్నాడు, తల ఊపాడు. ఆ సాయంత్రానికి నలభై పైగా తీశారు. ఒక్కదానికీ బెజ్జం లేదు. ఫ్లాస్కు తీసి మూతలో చాయ్ పోసుకుని, మామ ఎదురుగానే తాగి, మూత కడిగి బిగించాడు. మామ తన సీసాలో నీళ్లు తాగాడు.  బస్సులో ఆ చాయ్ సంగతి మామతో అంటే, "ఆయన గంతే. గని అబద్ధమాడడు" అన్నాడు.

చలికాలంలో ఒక పొద్దున మోటారు విప్పుతూ విప్పుతూ పక్కకు ఒరిగాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. ఫోన్ రాగానే నాకు ఏడుపు రాలేదు. పేషీకి ఇంకా పదహారు రోజులున్నాయని లెక్క పెట్టుకున్నాను. సాక్షిగా మొదట పిలవాల్సిన మనిషి. కాగితం అడిగితే పౌరుషానికి పోయిన మనిషి. ఇప్పుడు కోర్టులో ఆయన మాట లేదు, ఆయన రాతే ఉంది. ఆ రాత మామను దొంగ అంటున్నది.

"ఇంక నువ్వే చెప్పాలమ్మా" అన్నాడు మా వకీలు. "సొంత మనిషివి, నీ మాటకు బరువు తక్కువ. పైగా అవతలి వకీలు ఒకటే అడుగుతాడు. అక్కడే ఉండి ఆ రోజెందుకు చెప్పలేదని. నేను దూరంగా ఉన్నాను, ఏం జరుగుతుందో వినబడలేదు అను. సరిపోతుంది. తినే సంగతి మాత్రం నోటికి రానీయకు."

జవాబు తయారుగా ఉంది. చిన్నది, సులువైనది. బస్సులో మామకు చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "సారు ఉంటె ఉన్నదున్నట్టు చెప్తుండె" అన్నాడు. 

వనపర్తిలో కోర్టు. బంట్రోతు ముందుగా సారు పేరు పిలిచాడు. మూడుసార్లు, గట్టిగా, వరండా అంతా వినబడేలా. చనిపోయాడని ఫారెస్టు మనిషి చెప్పాడు. ఫారెస్టు వాళ్ల సాక్ష్యాలు అయ్యాయి. ఇంకో రెండు పేషీలు గడిచాక నన్ను పిలిచారు. బోనులో నిలబడి జరిగిందంతా చెప్పాను. ఫోన్ చేసింది నేనే, పట్టమన్నది నేనే, ప్రాణంతో తెమ్మన్నది నేనే. ప్రభుత్వ వకీలు కళ్లద్దాలు సర్దుకుని లేచాడు.

"మీరు అక్కడే ఉన్నారు కదా. మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

నా కాలు దానంతటది ఇంత వెనక్కి లాగింది. చెప్పు నేల మీద రాసుకున్న చప్పుడు నాకే వినబడింది. నాలుగేళ్లు ఆ ప్రశ్న విని విని ఉన్నాను, అయినా లాగింది.

"సిగ్గయింది" అన్నాను.

"దేనికి?"

మా వకీలు దగ్గాడు. మామ చేతులు కట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు, ఆ రోజు కట్ట మీద చూసినట్టే.

"మా ఇంట్ల తాంబేలు తింటుంటిమి సార్. నేను గూడ తిన్న. తినలేదని అందరికీ అబద్ధం చెప్పిన. మా మామ అని చెప్తే అది బయటపడుతదని సిగ్గయి నోరు మూసుకున్న. ఆయన నన్ను కాపాడనీకి తానే పట్టిన అన్నడు. దానికి నాలుగేండ్ల సంది తిరుగుతున్నడు."

టైపు చేస్తున్నామె చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. జడ్జి అమ్మ మామను చూసింది, నన్ను చూసింది, ఏదో రాసుకుంది. ప్రభుత్వ వకీలు కూర్చున్నాడు. తీర్పు వచ్చే పేషీకి అన్నారు. ఏమొస్తుందో తెలియదు. నా మాట మామను బయట పడేస్తుందో, ఇంకా లోపలికి తోస్తుందో మా వకీలుకే తెలియదు. బయటికొచ్చాక ఆయన ఫైలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచిపోయాడు. మామ మాత్రం బస్టాండు దాకా నా చెయ్యి వదలలేదు.

ఆయన బతికుంటే ఆ బోనులో తనే నిలబడి, తన తప్పు తను చెప్పి, నా తప్పు నాకు వదిలేసి దిగేవాడు. నేను ఈ జన్మకు ఆ మాట అనకుండా గడిపేసేదాన్ని. చచ్చిపోయి నాతో చెప్పించాడు. దీనికి కూడా ఆయన్ని నేను క్షమించలేదు.